ఇనుగుర్తి నుంచి వెలువడిన 'తెనుగు': ఒద్దిరాజు సీతారామచంద్రరావు జీవితం

వరంగల్‌లో విజయవాడ వైపు పోయే ప్యాసింజర్ రైలు ఎక్కితే నెక్కొండ దాటాక కేసముద్రం స్టేషను వస్తుంది. మనలో చాలామందికి ఆ దారి కొత్త కాదు. కేసముద్రం మార్కెట్‌కు పంట తోలుకుపోయినవాళ్లున్నారు, హనుమకొండలో చదువుకుంటూ పండుగకు తండాకు పోయేటప్పుడు అక్కడ దిగేవాళ్లున్నారు. ఆ స్టేషనుకు చేరువలోనే ఇనుగుర్తి అనే ఊరుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లకు అది మామూలు పల్లెటూరిలాగే కనిపిస్తుంది. కానీ తెలంగాణ పత్రికల చరిత్ర రాయడానికి ఎవరు కూర్చున్నా మొదటి పేజీలోనే ఆ ఊరి పేరు రాయాల్సిందే. 1922 ఆగస్టు 27న 'తెనుగు' అనే వారపత్రిక అక్కడి నుంచే వెలువడింది. దాన్ని నడిపింది ఇద్దరు అన్నదమ్ములు: ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు. అందరూ వారిని ఒద్దిరాజు సోదరులు అని కలిపి పిలుస్తారు. ఈ వ్యాసం ముఖ్యంగా అన్నగారి గురించి. అయితే ఆయన కథలో తమ్ముడు లేని పేజీ ఉండదు.

మన సంఘం సంచికలో ఆయన గురించి ఎందుకని కొందరు తమ్ముళ్లు, చెల్లెళ్లు అడగవచ్చు. ఆయన మన తండాలో పుట్టలేదు, మన గూడెంలో పెరగలేదు. అక్షరాలున్న ఇంట్లో పుట్టారు. ఆ రోజుల్లో మన తాతముత్తాతలకు పలక కూడా చేతికి రాలేదు. ఈ తేడాను దాచుకోవాల్సిన పని లేదు. అయినా ఆయన మన మట్టి మీద బతికిన మనిషి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి మహబూబాబాద్ జిల్లా హద్దుల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా గిరిజనులమే. ఆయన పత్రిక అచ్చయిన ఊరికి నాలుగు దిక్కులా మన తండాలే. ఇరుగుపొరుగు మనిషి చేసిన మంచిపనిని చెప్పుకోవడానికి కులగోత్రాలు అడ్డు రాకూడదు. ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. ఆయన కాలంలో తన భాషకు ఎదురైన కష్టమే ఇవాళ మన భాషలకు ఎదురవుతోంది. ఆ కష్టానికి ఆయన ఏం చేశారో తెలుసుకుంటే మనం ఏం చేయాలో కొంత తెలుస్తుంది.

పుట్టుక, చదువు

సీతారామచంద్రరావు 1887లో ఇనుగుర్తిలో జన్మించారు. తమ్ముడు రాఘవరంగారావు 1894లో పుట్టారు. ఇద్దరికీ ఏడేళ్ల తేడా. ఆ రోజుల్లో పల్లెల్లో ఇప్పటిలాంటి బడులు లేవు. చదువు ఇంట్లోనో, పంతులు దగ్గరో, పుస్తకం దగ్గరో దొరకాల్సిందే. ఈ అన్నదమ్ములు పుస్తకాన్నే గురువుగా పెట్టుకున్నారు. తెలుగు, సంస్కృతంతో మొదలుపెట్టి ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు దాకా ఎన్నో భాషలు నేర్చుకున్నారు. భాషలతోనే ఆగలేదు. వైద్యం, చేతిపనులు, యంత్రాల పని అన్నిటి మీదా వారికి ఆసక్తి. ఏ పనైనా చేతితో చేసి చూస్తేనే వచ్చినట్టు అన్నది వారి పద్ధతి. ఈ గుణమే తర్వాత పత్రిక పెట్టినప్పుడు వారిని ఆదుకుంది.

సీతారామచంద్రరావు మొదట రచయిత. కాకతీయ రాణి రుద్రమదేవి కథను నవలగా రాశారు. తెలంగాణలో వచ్చిన తొలినాటి నవలల్లో దాన్ని లెక్కిస్తారు. ఓరుగల్లు ప్రాంతంలో పుట్టి పెరిగినవాడికి రుద్రమ కథ చెప్పాలని అనిపించడంలో వింత లేదు. మన ఊరి కథను మనమే రాయకపోతే మరొకరు వచ్చి రాయరన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. తమ్ముడు రాఘవరంగారావు కూడా రచయితే. రవీంద్రనాథ్ టాగూరు నవలను 'పడవ మునక' అనే పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఇద్దరూ కలిసి విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల అనే పేరుతో పుస్తకాలు అచ్చువేశారు. ఆ పేరులోనే వారి ఉద్దేశం ఉంది. తాము నేర్చుకున్నది పదిమందికీ చేరాలి.

అప్పటి రోజులు

ఆ కాలం ఎలాంటిదో మన యువత కొంచెం ఊహించుకోవాలి. వరంగల్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. సర్కారు భాష ఉర్దూ. కచేరీలో అర్జీ పెట్టాలన్నా, కాగితం చదివించుకోవాలన్నా ఉర్దూ తెలిసిన మనిషిని బతిమాలుకోవాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. అందులోనూ చదువు ఉర్దూలోనే. తెలంగాణ జిల్లాల్లో జనం మాట్లాడేది తెలుగు, రాజ్యం నడిచేది మరో భాషలో. మొత్తం రాజ్యంలో నూటికి ఐదుగురికైనా చదవడం, రాయడం రాదు.

1921 నవంబరులో హైదరాబాద్‌లో వివేకవర్ధని ఆవరణలో ఒక సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేసి కూర్చోబెట్టారు. సొంతగడ్డ మీద సొంతభాషలో నాలుగు మాటలు చెప్పనీయలేదు. ఆ అవమానం కడుపులో మంటగా మారింది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు వంటివారు దాన్ని పెంచారు. బడిలో మన మాట మాట్లాడితే తోటిపిల్లలు నవ్విన అనుభవం మనలో ఎంతమందికి లేదు? అందుకే ఆ సభలో కూర్చుండిపోయిన వకీలు బాధ మనకు వేరేగా విప్పి చెప్పనక్కరలేదు.

అంతకు ముందే పుస్తకాల కోసం కొన్ని దీపాలు వెలిగాయి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. 1904లో మన హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం మొదలైంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్ర, శాస్త్ర పుస్తకాలు తెలుగులో తేవడం మొదలుపెట్టారు. గ్రంథాలయం ఉంది, పుస్తకం ఉంది. వారం వారం ఇంటికి వచ్చి జనంతో మాట్లాడే పత్రిక మాత్రం తెలంగాణ పల్లెకు లేదు. తెలుగు పత్రికలు చదవాలంటే కోస్తా నుంచో, మద్రాసు నుంచో తెప్పించుకోవాలి. వాటిలో మన ఊళ్ల సంగతులు ఎందుకుంటాయి? ఇక్కడ పత్రిక పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. ఏది రాసినా సర్కారు కన్ను దాని మీద ఉంటుంది.

పల్లెలో పత్రిక

అలాంటి రోజుల్లో, హైదరాబాద్‌లో కాకుండా, వరంగల్ పట్టణంలోనూ కాకుండా, ఇనుగుర్తి లాంటి పల్లెలో పత్రిక పెట్టాలని అన్నదమ్ములు నిర్ణయించుకున్నారు. అప్పటికి సీతారామచంద్రరావుకు 35 ఏళ్లు, రాఘవరంగారావుకు 28 ఏళ్లు. దానికి 'తెనుగు' అని పేరు పెట్టారు. గొప్ప గొప్ప సంస్కృత పేర్లు తెలిసిన పండితులు వాళ్లు. అయినా ఆర్భాటమైన పేరు వద్దనుకుని తమ భాష పేరే పెట్టారు. ఏ మాట పలికితే సభలో నవ్వారో ఆ మాటనే పత్రిక నుదుటి మీద రాశారు.

అదే ఆగస్టు నెలలో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి' పత్రికను తెచ్చారు. ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకున్న ఆలోచన అనాల్సిన పని లేదు. నేల పదునెక్కితే పక్కపక్క చేలల్లో ఒకేసారి మొలకలు లేస్తాయి. ఈ రెండు పత్రికలనూ తెలంగాణలో తెలుగు వారపత్రికలకు తొలి అడుగులుగా చెప్పుకుంటారు.

పత్రిక అనగానే ఇవాళ మనకు ఫోన్ గుర్తొస్తుంది. ఈ సంచికనే చూడండి. టైపు చేశాం, ఫొటోలు పెట్టాం, ఒక్క నొక్కుతో మీ అందరి చేతుల్లోకి వచ్చేసింది. వారి రోజుల్లో ఒక్క పేజీ తయారుకావడానికి ఎంత పని ఉండేదో తెలుసుకుంటేనే వారి కష్టం విలువ తెలుస్తుంది.

అప్పటి అచ్చు అంతా సీసపు అక్షరాలతో. ఒక్కో అక్షరం ఒక్కో చిన్న దిమ్మె. తెలుగులో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల రకాల దిమ్మెలు కావాలి. వాటిని చిన్న చిన్న గదులున్న చెక్క అరల్లో సర్దిపెడతారు. కంపోజిటర్ ఆ అరల ముందు నిలబడి, చేతిలో చిన్న ఇనుప పట్టీ పట్టుకుని, రాతప్రతి చూస్తూ ఒక్కో దిమ్మె ఏరి పేరుస్తాడు. అక్షరం దిమ్మె మీద అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కాబట్టి ఆ మనిషికి తెలుగును తిరగేసి చదవడం రావాలి. ఒక వరుస అయ్యాక మరో వరుస. పేజీ నిండాక దాన్ని ఇనుప చట్రంలో కదలకుండా బిగిస్తారు. సిరా పూసి ఒక కాగితం మీద ఒత్తి తప్పులు చూస్తారు. దాన్నే ప్రూఫు అంటారు. ఒక ఒత్తు పడిపోయినా, ఒక దీర్ఘం తప్పినా మళ్లీ చట్రం విప్పి సరిచేయాలి. ఆ తర్వాత చేత్తోనో కాలితోనో నడిపే యంత్రం మీద ఒక్కో కాగితం పెట్టి తీయాలి. అచ్చయ్యాక పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ దిమ్మెలన్నీ కడిగి, మళ్లీ ఏ అక్షరాన్ని ఆ గదిలో వేయాలి. లేకపోతే వచ్చేవారం పేజీకి అక్షరాలుండవు.

ఇంత పనికి పట్నంలో పదిమందిని పెట్టుకుంటారు. ఒద్దిరాజు సోదరులు చాలావరకు తామే చేసుకున్నారు. రాసిందీ వారే, దిద్దిందీ వారే, అక్షరాలు పేర్చిందీ వారే, అచ్చుతీసిందీ వారే, మడిచి చిరునామాలు రాసి టపాకు పంపిందీ వారే. సంపాదకుడంటే పెద్ద బల్ల ముందు కూర్చుని ఆజ్ఞలు జారీ చేసే మనిషి అనుకుంటాం. ఇనుగుర్తిలో సంపాదకుడి వేళ్లకు సిరా అంటుకుని ఉండేది. పండితుడు కూలిపనిలా కనిపించే పని చేయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. భాష మీద ప్రేమ నోటిమాటతో తేలదు, చేతికి సిరా అంటితేనే తేలుతుందని వారు చేసి చూపించారు.

పత్రికలో వార్తలుండేవి, వ్యాసాలుండేవి, సాహిత్యముండేది. చదవడం వచ్చినవాళ్లే తక్కువున్న దేశంలో ఒక పత్రికను ఒక్కరే చదవరు. ఒకరు చదువుతుంటే నలుగురు కూర్చుని వింటారు. మన తండాల్లో నాయక్ ఇంటి ముందు వేపచెట్టు కింద ఉత్తరం చదివించుకున్న రోజులు మన పెద్దలకు గుర్తే.

ఆగిపోయింది, అయినా

'తెనుగు' సుమారు ఐదేళ్లు నడిచి ఆగిపోయింది. చిన్న పత్రికల కష్టాలు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కాగితం కొనాలి, సిరా కొనాలి, టపా ఖర్చు పెట్టాలి. చందాదారులు ఊరూరా విడివిడిగా ఉంటారు. పత్రిక చేతికందినంత తేలిగ్గా చందా డబ్బు తిరిగి రాదు. పైగా సర్కారు భయం. ఇన్ని ఉన్నా ఒక పల్లె నుంచి ఐదేళ్లు వారం వారం పత్రిక రావడమంటే, మొత్తం మీద వందల సంచికలు. ఒక్కో సంచిక వెనుక ఒక వారం నిద్ర ఉంది.

దాన్ని ఓటమి అని నేననుకోను. వారు దున్నిన చేనులో తర్వాతివాళ్లు విత్తనం వేశారు. 1926 మే 10న హైదరాబాద్‌లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ' పత్రిక మొదలైంది. తెలంగాణ తెలుగువారికి అది గొంతుక అయింది. ఆ పత్రిక చేసిన పనుల్లో ఒకటి మన యువత తప్పకుండా తెలుసుకోవాలి.

నిజాం తెలంగాణలో తెలుగు కవులు లేనే లేరు, పూజ్యం అని ఒకాయన రాశాడు. పూజ్యం అంటే సున్నా. కోపం వచ్చినవాళ్లు తిట్టి ఊరుకోవచ్చు. ప్రతాపరెడ్డి తిట్టలేదు. ఊరూరి నుంచి కవులను వెతికారు. ఉత్తరాలు రాశారు, పద్యాలు తెప్పించారు, ఏ ఊరు, ఎవరి బిడ్డ, ఏం రాశారు అన్న వివరాలు సేకరించారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' పేరుతో అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. సున్నా అన్న చోట 354 అని తేలింది. ఒక్క వాదన చేయకుండా లెక్క చూపించి నోరు మూయించారు. ఆ కవులు సంచిక వచ్చినరోజు పుట్టినవాళ్లు కాదు. అంతకు ముందూ ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. వాళ్లను ఒకచోట చేర్చే సంపాదకుడు దొరికేదాకా లోకం దృష్టిలో వాళ్లు సున్నాయే.

సీతారామచంద్రరావు చేసిన పనిని ఈ వెలుగులో చూడాలి. రచయిత తన మాట తాను చెబుతాడు. సంపాదకుడు ఇతరుల మాటకు చోటు చూపిస్తాడు. తాను మంచి రచయిత అయి ఉండి, తన పుస్తకాలు తాను రాసుకుని హాయిగా ఉండగలిగినవాడు, ఇతరుల అక్షరాలు పేరుస్తూ, ఇతరుల ఒత్తులు దిద్దుతూ ఐదేళ్లు గడపడం చిన్న త్యాగం కాదు. సంపాదకుడి పేరు వెనుక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆయన దిద్దిన వ్యాసానికి చప్పట్లు వేరేవాళ్లకు పోతాయి. తప్పు పడితే మాత్రం తిట్లు ఆయనకే.

చివరి రోజులు

పత్రిక ఆగాక కూడా అన్నదమ్ములు పుస్తకాన్ని వదలలేదు. రచన, చదువు, పరిశోధన కొనసాగాయి. సీతారామచంద్రరావు నిజాం రాజ్యం పోవడం కళ్లారా చూశారు. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. తెలుగులో అర్జీ పెట్టుకునే రోజులు వచ్చాయి. 1956లో ఆయన కన్నుమూశారు. తెలుగు మాట్లాడే ప్రాంతాలన్నీ కలిసి భాష పేరు మీద ఒక రాష్ట్రం ఏర్పడింది కూడా అదే ఏడాది. 34 ఏళ్ల కిందట ఒక పల్లెలో సీసపు అక్షరాలతో తన పత్రిక మీద భాష పేరు పేర్చిన మనిషి ఆ ఏడాదే వెళ్లిపోయారు. తమ్ముడు రాఘవరంగారావు 1973 దాకా జీవించారు.

వారి తర్వాత ఓరుగల్లు నేల పత్రికలకు గొడ్డుపోలేదు. 1966లో హనుమకొండ నుంచి 'సృజన' అనే సాహిత్య పత్రిక మొదలై పాతికేళ్లకు పైగా కొనసాగింది. రాష్ట్రమంతటా చదివించుకుంది. ఇంకా ఎన్నో చిన్న పత్రికలు వచ్చాయి, పోయాయి. వరంగల్‌లో కవులు ఎందుకింతమంది అని బయటివాళ్లు అడుగుతుంటారు. కవి ఒక్కడే పుట్టడు. అతని మొదటి పద్యాన్ని దిద్ది, అచ్చువేసి, ఫలానా ఊరి ఫలానా వ్యక్తి అని కింద రాసిన సంపాదకుడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.

మన సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన భాషల పని ఎక్కడిదాకా వచ్చింది?

మనవాళ్లూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఇనుగుర్తిలో ఈ అన్నదమ్ములు పుస్తకాల పనిలో ఉన్న రోజుల్లోనే, 1918లో, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతంలో మున్షీ మంగళ్‌సింగ్ మసారం గోండి భాషకు ఒక లిపి తయారుచేశారు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ఆధ్వర్యంలో గోండు పిల్లలకు గోండి వాచకాలతో చదువు మొదలైంది. అదే జిల్లాలోని గుంజాల అనే గూడెంలో గోండి పెద్దల ఇళ్లలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపికి గుంజాల గోండి లిపి అని పేరొచ్చింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు దాన్ని వెలుగులోకి తెచ్చారు. 2018లో అది యూనికోడ్‌లోకి చేరింది. అంటే గోండి అక్షరం కంప్యూటర్ అరల్లోకి ఎక్కింది. సీసపు దిమ్మెలు కొనే బాధ ఇక లేదు.

మన లంబాడీలకు గోర్ బోలి ఉంది. దానికి సొంత లిపి లేదని, కాబట్టి సాహిత్యం లేదని తేలిగ్గా తీసిపారేసేవాళ్లున్నారు. ఇదీ పూజ్యం అన్న మాటే. తీజ్ పండుగలో తొమ్మిది రోజులు పాడే పాటలేమిటి? పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు గుండె కరిగేలా ఎత్తుకునే ఢావ్లో ఏమిటి? మన వంశాల కథలు పాడే ఢాఢీలు మోస్తున్నది ఏమిటి? మన కోయ సోదరుల్లో డోలివారు పడిగె గుడ్డ పరిచి, దాని మీద బొమ్మలు చూపిస్తూ సమ్మక్క కథను, ఇంటిపేర్ల కథలను పాడుతారు. అదంతా సాహిత్యమే. కాకపోతే దాన్ని ఒకచోట చేర్చి, ఇది ఫలానా తండా పాట, పాడినవారు ఫలానా అవ్వ అని రాసిపెట్టేవాళ్లు తక్కువ.

ఈ సంచిక పని చేస్తున్నప్పుడు మాకు ఎదురైన ఒక సంగతి చెప్పాలి. ఇందులో తప్పు మరెవరిదీ కాదు, మనదే. ఒక తండా నుంచి ఒక తమ్ముడు ఫోన్‌లో రికార్డు చేసిన ఢావ్లో పంపాడు. గొంతు వింటే ఒళ్లు జలదరించింది. పాడినవారు ఎవరని అడిగితే అతనికి తెలియదు. వాట్సాప్‌లో ఎవరో పంపింది ముందుకు పంపానన్నాడు. వారం రోజులు వెతికాం. నలుగురిని అడిగితే ఆ నలుగురూ మరొకరి పేరు చెప్పారు. చివరికి ఆ అవ్వ పేరు దొరకలేదు. పాట సంచికలో పెట్టలేకపోయాం. ఊరి పేరు లేక, మనిషి పేరు లేక పాట అనాథలా మిగిలిపోయింది. ఆ రోజు నాకు ఇనుగుర్తి అన్నదమ్ములు, గోలకొండ కవుల సంచిక గుర్తొచ్చాయి. అందుకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

మనకు గొంతులు కరువు లేదు. పాటలు కరువు లేదు. ఇవాళ ఫోన్ కరువు కూడా లేదు. ఓపికగా కూర్చుని అడిగేవాళ్లు, రాసేవాళ్లు, తప్పులు దిద్దేవాళ్లు, పేర్లు చేర్చేవాళ్లు కరువు. ఆ పనికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. మీలో ప్రతి ఒక్కరూ చేయగలరు.

ఈ వేసవి సెలవుల్లో తండాకు పోయినప్పుడు మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఒక పాట పాడమని అడగండి. రికార్డు మొదలుపెట్టగానే ముందు అవ్వ పేరు, తండా పేరు, పుట్టింటి తండా పేరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటితోనే చెప్పించండి. తర్వాత పాటను తెలుగు అక్షరాల్లో రాయండి. రాసింది అవ్వకు చదివి వినిపించండి. ఆమె దిద్దితే దిద్దించుకోండి. అదే మీ ప్రూఫు. పాత ఫొటో దొరికితే వెనుక పెన్సిల్‌తో అందులో ఉన్నవారి పేర్లు రాయండి. మీ ఊరి పిల్లలు ఐదుగురు కలిస్తే చేత్తో రాసిన పత్రిక ఒకటి నెలకోసారి పంచాయతీ గోడ మీద అంటించవచ్చు. ఆ పత్రికకు పేరు కోసం ఎక్కడెక్కడో వెతకకండి. మీ భాష పేరే పెట్టండి.

ఇంకొక్క మాట. మీ పక్కన పత్రిక నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే, చిన్నదైనా సరే, చందా కట్టండి. మీ వ్యాసం దిద్దినందుకు కోపం తెచ్చుకోకండి. దిద్దినవాళ్లకు ఒక్క ఫోన్ చేసి కృతజ్ఞత చెప్పండి. ఆ ఒక్క ఫోన్ కోసం నెలల తరబడి ఎదురుచూసే సంపాదకులున్నారు.

ఇనుగుర్తి మీదుగా పోయినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. వందేళ్ల కిందట అక్కడ ఒక ఇంట్లో దీపం వెలుతురులో ఇద్దరు అన్నదమ్ములు తిరగబడిన అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చారు. ఎవరో చదువుతారన్న నమ్మకంతో పేర్చారు. ఆ నమ్మకం మనకూ ఉంటే, మన అవ్వల పాటలు పేరులేకుండా పోవు.

ఒద్దిరాజు సీతారామచంద్రరావు గారికి, రాఘవరంగారావు గారికి, పేరు తెలియని ఎందరో కంపోజిటర్లకు, సంపాదకులకు మన తండాల తరఫున, మన గూడేల తరఫున జోహార్లు.